శాంతిసేనలు – అంతర్యుద్ధాలు

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతపు పల్లెలలో తగాదాలకు రాజీ కుదిర్చే పెద్దమనుషులను మనమెరుగుదుం. ఇరుపక్షాలూ సమ్మతించినప్పుడే ఆ రాజీ నిలుస్తుంది. మధ్యవర్తే కర్ర పడితే అతడు మూడవ పక్షమవుతాడు. అంతర్యుద్ధాలకు కూడా ఈ న్యాయమే వర్తిస్తుందని మా అభిప్రాయం.

1987 జూలై 29న కొలంబోలో రాజీవ్ గాంధీ, జయవర్ధనే ఒప్పందం చేసుకొన్నారు. దాని ననుసరించి భారత శాంతిసేన శ్రీలంక వెళ్లింది. సికిందరాబాదు కేంద్రంగా గల 54వ పదాతి డివిజన్ అందులో ముందు నడిచింది. కాని పోరాడుతున్న ఎల్.టి.టి.ఇ. ఆ ఒప్పందంపై సంతకం చేయలేదు. అక్టోబరు నాటికి మన సేన వారితోనే యుద్ధం చేయవలసివచ్చింది. వెయ్యిమందికి పైగా భారత సైనికులు నేలకొరిగారు. నిరపరాధులైన తమిళ పౌరులూ బలి అయ్యారు. 1990 మార్చిలో సేన మరలివచ్చినా, అంతర్యుద్ధం 2009 వరకు ఆగలేదు.

మొజాంబిక్ కథ వేరు. 1992లో రోమ్ నగరంలో ప్రభుత్వమూ, తిరుగుబాటుదారులైన రెనామో వారూ స్వయంగా సంతకాలు చేశారు. ఐక్యరాజ్యసమితి సేన పర్యవేక్షణలో సైనికులు ఆయుధాలు అప్పగించారు. 1994లో ఎన్నికలు జరిగాయి.

అయితే సమ్మతి ఒక్కటే చాలదు. రువాండాలో 1993లో ఒప్పందం కుదిరింది. మరుసటి ఏడు మారణకాండ చెలరేగగానే భద్రతామండలి అక్కడి సేనను పెంచడానికి బదులు తగ్గించింది. లక్షలాది ప్రజలు హతులయ్యారు.

కనుక విద్యార్థులారా, శాంతిసేన వార్త చదివినప్పుడు రెండు ప్రశ్నలు వేసుకొనండి: పోరాడేవారందరూ సమ్మతించారా? నిరాయుధులను కాపాడే శక్తి, అనుమతి ఆ సేనకున్నాయా?