టెస్సరాక్ట్ బిల్డ్ అయింది, తెలుగు ఏదీ?

ఉస్మానియాలో పరిశోధన చేస్తూ తార్నాకలో ఉంటున్న పాఠకుడొకరు పాత తెలుగు పత్రికల స్కాన్లను టెక్స్ట్‌గా మార్చాలని టెస్సరాక్ట్‌ను సోర్స్ నుంచి బిల్డ్ చేశారు. ‘మేక్ ఇన్‌స్టాల్ దాకా అంతా సాఫీగానే సాగింది, నడిపితే మాత్రం ఎర్రర్. ఎందుకు?’ అన్నది ఆయన ప్రశ్న.

హెచ్‌పీలో 1985లో మొదలై, 2005లో ఓపెన్ సోర్స్ అయిన ఈ టూల్‌తో చాలామంది ఇరుక్కునేది ఇక్కడే. సోర్స్‌తో పాటు భాషా ఫైళ్లు రావు. ‘టెల్.ట్రెయిన్డ్‌డేటా’ను విడిగా దించుకుని టెస్‌డేటా ఫోల్డర్లో పెట్టుకోవాలి. షేర్డ్ లైబ్రరీ దొరకలేదని మొరాయిస్తే ఎల్‌డీకాన్ఫిగ్ ఒకసారి నడిపితే చాలు.

ఇక టెస్టింగ్. ‘మేక్ చెక్’ నడవాలంటే గిట్ సబ్‌మాడ్యూళ్లు ముందే తెచ్చుకోవాలి. అన్నీ పాసైనా, ఆ మార్కులు కోడ్‌కే గానీ ఆయన చేతిలోని పుటకు కాదు. పాత అచ్చులో వత్తులు కింది వరుసను తాకుతుంటాయి. ‘వ’కీ ‘మ’కీ తేడా ఒక కొమ్ములోనే ఉంటుంది, సిరా అలికితే అదీ పోతుంది. అందుకే ఒక పుటను స్వయంగా టైపు చేసి, టూల్ ఇచ్చిన పాఠంతో డిఫ్ కమాండ్‌లో పోల్చి చూడాలి. స్కాన్ 300 డీపీఐకి తగ్గితే ముందు దాన్నే మళ్లీ తీయించుకోవడం మేలు.