పరిశోధన వివరాల నమోదు: ఉత్తర కోస్తా చోడి ప్రయోగాల దృష్ట్యా

ప్రజాధనంతో జరిగిన పరిశోధన అందరికీ అందుబాటులో ఉండాలన్న సూత్రాన్ని భారత వ్యవసాయ పరిశోధన మండలి 2013లో తన విధానంగా ప్రకటించింది. సిద్ధాంత గ్రంథాలకు కృషికోశ్, శోధ్‌గంగ వంటి భాండాగారాలు ఉన్నాయి. అయితే గ్రంథం అందుబాటులో ఉన్నంత మాత్రాన వెతికేవారికి దొరుకుతుందని చెప్పలేము. దానిని దొరికేలా చేసేది మెటాడేటా, అనగా శీర్షిక, రచయిత, పంట, రకం, స్థలం, ఋతువు, నిధుల మూలం వంటి వివరాలు. పూర్తి నివేదికను వెంటనే విడుదల చేయలేకపోయినా ఈ వివరాలను దాచవలసిన అవసరం సాధారణంగా ఉండదు.

మా విద్యార్థి ఒకరు చోడిలో నత్రజని మోతాదులపై రెండు ఖరీఫ్‌లు ప్రయోగం నిర్వహించిన తరువాత, అదే మండలంలో అదే ప్రశ్నపై పూర్వం జరిగిన ప్రయోగపు నివేదిక ఒక బీరువాలో బయటపడింది. అది రహస్య పత్రం కాదు. అది ఉన్నదని తెలిపే పట్టిక మాత్రం ఎక్కడా లేదు. మార్గదర్శకునిగా ఆ లోపంలో నా పాలు కూడా ఉన్నది.

మన జిల్లాల విషయంలో అన్నిటికన్నా చిక్కైన అంశం స్థలం. 1979 జూన్ 1న శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాల భాగాలతో విజయనగరం జిల్లా ఏర్పడింది. సాలూరు, బొబ్బిలి, పార్వతీపురం అంతకు ముందు శ్రీకాకుళం జిల్లాలోనివే. 2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడగా పాలకొండ అందులో చేరింది. రాజాం విజయనగరం జిల్లాలోకి వచ్చింది. కనుక 1975 నాటి నివేదికలో ‘శ్రీకాకుళం జిల్లా’ అని మాత్రమే ఉంటే, ప్రయోగం తీరపు ఇసుక నేలల్లో జరిగిందో, సాలూరు వైపు కొండవాలు నేలల్లో జరిగిందో తెలియదు. ఆ రెంటికీ ఒకే ఎరువుల సిఫారసు వర్తించదు. గ్రామం, నాటి తాలూకా, నేటి మండలం, అక్షాంశ రేఖాంశాలు, నేల స్వభావం తప్పక నమోదు కావాలి.

పంట పేరూ అంతే. ఇక్కడి చోడి మరొకచోట రాగి, తెలంగాణలో తైదలు. విజయనగరం పరిశోధన కేంద్రపు వి.ఆర్. 708ను చంపావతి అనీ, వి.ఆర్. 847ను శ్రీచైతన్య అనీ పిలుస్తారు. సంఖ్య, వాడుక పేరు, శాస్త్రీయ నామం మూడూ ఇవ్వాలి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ నిర్వహించే అగ్రోవాక్ పదకోశంలో తెలుగు పదాలు కూడా ఉన్నందున వాటిని ప్రపంచ సూచికలతో అనుసంధానించవచ్చు.

గణనీయమైన తేడా కనిపించని ప్రయోగాలను మనం సాధారణంగా ప్రచురించము. మళ్ళీ మళ్ళీ జరిగేవి అవే. వాటి వివరాలు ముందుగా ఎక్కించాలి. మినీకిట్ ప్రయోగాలలో రైతు పేరు, ఫోన్ నంబరు తొలగించి గ్రామం వరకే ఉంచాలి.

ఏరువాక కేంద్రాలు తమ పాత వార్షిక నివేదికలతో ఈ పని ఆరంభించవచ్చు. ఒక్కొక్క ప్రయోగానికి పట్టికలో ఒక్క వరుస చాలు. నైర కళాశాల విద్యార్థులు గ్రామీణ అనుభవ శిక్షణలో భాగంగా గ్రామాల పూర్వపు తాలూకాలను సరిచూడగలరు.