పాటకు చిత్రకథ కూర్చుట

పాఠశాలలో పాటను చిత్రీకరించు పని యేల అని తల్లిదండ్రులలో కొందరు మమ్ము అడుగుచున్నారు. సెల్‌ఫోను చేతికిచ్చినచో పిల్లవాడు చదువు మరచునని వారి భయము. ఆ భయమును మేము తేలికగా త్రోసివేయము. కాని ఫోను ఇప్పటికే వారి చేతిలో నున్నది. దానితో ఒక పనిని మొదటినుండి తుదివరకు ఆలోచించి చేయుట మాత్రము వారి కలవడలేదు. మూడు నిమిషముల పాటకు బొమ్మలు కూర్చుటలో లెక్కయు, చిత్రలేఖనమును, మాతృభాషయు, ఇరుగుపొరుగు మర్యాదయు నిమిడియున్నవి.

తెలుగువారిలో ఈ విద్యకు మంచి యుదాహరణము 1957లో వెలువడిన మాయాబజార్ చిత్రము. దర్శకులు కె.వి. రెడ్డిగారు చిత్రీకరణకు ముందే నటులచే అభ్యాసము చేయించి, పాటలకును సంభాషణలకును పట్టు కాలమును గణించి, చిత్రపు నిడివిని నిర్ణయించుకొనిరి. అందలి పడవ విహారపు పాటలో ఛాయాగ్రాహకులు మార్కస్ బార్ట్లీగారు చూపిన వెన్నెలను నేటికిని జనులు తలచుకొందురు. ఆ వెన్నెల చంద్రుడిచ్చినది కాదు, వెలుగు నెట్లు మలచవలెనో ఎరిగిన మనుష్యుడు కల్పించినది. మనది బడా బజారు గాని మాయాబజారు కాదు. అట్టి దీపములు మనకు లేవు. లెక్క కట్టుటకు కాగితమును పెన్సిలును చాలును.

పాట మూడు నిమిషములైనచో 180 సెకనులు. ఒక్కొక్క షాటు సగటున 4 సెకనులు నిలుచుననుకొన్నచో 45 షాట్లు కావలెను. అయిదారు ముచ్చటలతో వచ్చిన విద్యార్థికి ఈ లెక్క చూడగనే కన్నులు తెరచుకొనును. అప్పుడు 45 గళ్లు గీసి, ఒక్కొక్క గడిలో చిన్న బొమ్మ వేసి, దాని క్రింద పాటలోని మాట వ్రాయవలెను. బొమ్మ అందముగా నుండనక్కరలేదు. మనిషి ఎచ్చట నిలుచునో, ఎటు చూచునో తెలిసిన చాలును.

ఇక కథ. బరంపురమున పెరిగిన పిల్లలు ఠాకురాణీ యాత్రను తలపక మానరు. రెండేండ్లకొకసారి చైత్రమున జరుగు ఆ యాత్రలో అమ్మవారు దేశిబెహెరా ఇంటి ఆడపడుచుగా పుట్టింటికి వచ్చునని విశ్వాసము. మ్రొక్కుకొన్నవారు వేషములు కట్టుదురు. మూడు నిమిషములును పులివేషములనే చూపుదమని పిల్లలు అందురు. అది వేడుక యగును గాని కథ కానేరదు. పిల్లవానికి పులివేషము కట్టించెదనని తల్లి మ్రొక్కుకొన్నది, ఎందుకు మ్రొక్కుకొన్నది? ఈ ప్రశ్నతో కథ పుట్టును.

గంజాము జిల్లానుండి సూరత్ మిల్లులకు పోయినవారు ప్రతి వీధిలోను ఉన్నారు. తండ్రి సూరత్‌లో నున్నాడు, ఇంటిలో గుంటమగ్గము ఊరకున్నది, యాత్రనాటికి ఆయన రావలెనని తల్లి మ్రొక్కు. ఇట్టి కథను మేము తలపెట్టగా, మన లేమిని నలుగురిలో పెట్టుట ఏలయని పెద్ద లొకరు అడిగిరి. ఆ మాట విలువైనదే. కన్నీటి ముఖమును దగ్గరగా చూపినచో ప్రేక్షకుడు జాలిపడును. జాలి గౌరవము కాదు. కదలని నాడెను, దానిపై పేరుకొన్న దుమ్మును, ఆ దుమ్మును తుడుచు చేతిని మూడు షాట్లలో చూపినచో ఎవరి పరువును పోదు, కథయు తెలియును.

పల్లవి మరల మరల వచ్చును. వచ్చినప్పుడెల్ల అదే బొమ్మ వేసినచో విసుగు కలుగును. మొదటి పల్లవికి ఊరకున్న మగ్గము, రెండవదానికి ఫోనులో తండ్రి గొంతు వినుచున్న పిల్లవాడు, మూడవదానికి పసుపురంగు పూయించుకొనుచున్న అతని ముఖము. తుది స్వరమునకు తండ్రి వాకిట నిలువవలెనని పిల్లలందరు కోరుదురు. వాకిట చెప్పులు మాత్రము చూపుట మేలని మా అభిప్రాయము. అవి ఎవరివో చూచువారే ఊహించుకొందురు.

యాత్రను తీయునపుడు ఒక నియమము మరువరాదు. ఊరేగింపు ఎడమనుండి కుడికి పోవుచున్నట్లు ఒక షాటు తీసి, పిదప వీధి దాటి ఆవలి ప్రక్కనుండి తీసినచో, తెరపై జనమంతయు వెనుకకు మరలినట్లు కన్పట్టును. కనుక కెమెరా మొదట నిలిచిన ప్రక్కనే నిలువవలెను.

పాటను ముందుగా ముద్రించి, తీయునపుడు దానిని వినిపించి, పిల్లలచే పెదవులు కదలింపజేయుదురు. మా పిల్లలలో కొందరు తెలుగు పాటను ఒడియా అక్షరములలో వ్రాసికొని పాడుచున్నారు. ఒడియా లిపిలో ఎ, ఏ లకును ఒ, ఓ లకును వేరువేరు గుర్తులు లేవు. 'నెల' యు 'నేల' యు ఒక్కటే యగును. 'కొన' యు 'కోన' యు అంతే. దూరపు షాటులో ఈ లోపము దాగును గాని క్లోజప్పులో దాగదు. పాట హ్రస్వమును పలుకుచుండగా పెదవులు దీర్ఘమును పలుకును. అందుచేత తెలుగు అక్షరములలో పాటను స్వయముగా వ్రాసినవారికే క్లోజప్పు ఇత్తుమని మేము నిర్ణయించితిమి. ఏడాది పొడుగున చెప్పినను పట్టుకొనని గుణింతమును దీనికొఱకు వారము దినములలో నేర్చినవారు కలరు.

షాట్లను పాట వరుసలో తీయరు. మగ్గము ఇంటిలోని వన్నియు ఒక పూట, వీధిలోని వన్నియు ఒక పూట తీసి, పిదప వరుసకు కూర్తురు. బజారులో దుకాణములు తెరువకముందు ఉదయపు వెలుగు మెత్తగా నుండును, దారియు తెరపిగా నుండును. మధ్యాహ్నపుటెండలో కన్నుల క్రింద నీడలు పడును. ఎవరి ఇల్లు తీసినను వారి అనుమతి ముందు పొందవలెను. పిల్లల ముఖములు కన్పట్టు చిత్రమును తల్లిదండ్రుల వ్రాతపూర్వకమైన అంగీకారము లేక మేము బయటికి విడువము. సినిమా పాటల జోలికి పోవుటలేదు, కవి గతించిన తరువాతను 60 ఏండ్లవరకు ఆ రచనపై హక్కు నిలిచియుండును. అవ్వలు పాడు పాటలే మాకు కావలెను.

చాలమంది తల్లులు కుంభపు అంచు పట్టుచీరలు ఎరువిత్తుమనిరి. చీరలు చాలును. పడుగు, పేక, కండె, నాడె, అచ్చు, వీనిని చేతితో చూపి పేరు చెప్పగల తాతలును అవ్వలును ఒక్క ఉదయము వచ్చినచో, ఆ మగ్గపు షాట్లు ముందుగా తీయుదుము.