ముందు పొదుపు, తరువాత అప్పు



ఆసుపత్రి ఖర్చుకో, పిల్లవాని ఫీజుకో, నాట్ల సమయంలో ఎరువులకో పల్లెలో ఒక ఇంటికి అకస్మాత్తుగా పదివేల రూపాయలు కావలసి వస్తుంది. ఊళ్ళో వడ్డీ నూటికి ఐదు రూపాయలనుకుందాం. నెలకు 500, ఏడాదికి 6,000 రూపాయలు వడ్డీకే పోతాయి. అసలు మాత్రం అలాగే ఉంటుంది. ఆ ఇంటివారి కొరకు మనం ప్రార్థిస్తాం. మంచిదే. కాని గుడి బయటకు వచ్చిన తరువాత వారితో కలిసి మనం చేయగలిగినదేమిటి? ఈ వారం దాన్ని తెలుసుకుందాం.

ఈ ప్రశ్న పాతదే. ఛోటానాగ్‌పూర్‌లో ముండా గిరిజనులు అప్పులలో చిక్కి భూములు పోగొట్టుకుంటుండగా, యేసుసభ గురువు జాన్ హాఫ్‌మన్ 1909లో రాంచీలో కతోలిక సహకార పరపతి సంఘాన్ని స్థాపించారు. దానధర్మాలతో ఆకలి ఒక పూట తీరవచ్చు గాని, అప్పు తీరదని ఆయన గ్రహించారు.

మన తెలుగునాట కూడా ఇలాంటి చరిత్రే ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకున్న స్త్రీలు సారాపై తిరగబడ్డారు. తరువాత అదే జిల్లాలో రోజుకు ఒక రూపాయి చొప్పున కూడబెట్టే పొదుపు ఉద్యమం పుట్టింది. అదే 1992లో నాబార్డు సంస్థ పొదుపు సంఘాలను బ్యాంకులతో కలిపే పనిని 500 సంఘాలతో ప్రయోగాత్మకంగా ప్రారంభించింది.

ఇది ఎలా నడుస్తుందో చూడండి. పన్నెండు మంది స్త్రీలు నెలకు నూరేసి రూపాయలు వేస్తే ఆరు నెలలకు 7,200 రూపాయలు అవుతాయి. అందులోంచి తమలో అవసరమైన వారికి తామే అప్పు ఇచ్చుకుంటారు. వడ్డీ బయటకు పోదు, సంఘంలోనే ఉంటుంది. క్రమంగా సమావేశం, క్రమంగా పొదుపు, లోపల అప్పులు, సకాలంలో చెల్లింపు, సరైన లెక్కల పుస్తకాలు: ఈ ఐదు సూత్రాలు ఆరు నెలలపాటు నిలబడితే, బ్యాంకు ఆ పుస్తకాలు చూసి, తాకట్టు లేకుండానే సంఘానికి అప్పు ఇస్తుంది. పేదవారికి లేనిది భూమి పత్రం. ఇక్కడ దాని స్థానంలో ఒకరికొకరు నిలబడే మాట ఉంది.

అయితే ఒక హెచ్చరిక. వరుస తప్పితే మేలే కీడవుతుంది. పొదుపు అలవాటు కాకముందే బయటి డబ్బు వచ్చి పడితే, అది అందరి డబ్బు కాబట్టి ఎవరిదీ కాకుండా పోతుంది. ఒకే ఇంటికి నాలుగు చోట్ల అప్పులిచ్చి, వారం వారం గుమ్మం ముందు నిలబడి వసూలు చేసిన సూక్ష్మరుణ వ్యాపారం ఎన్ని కుటుంబాలను కుంగదీసిందో 2010లో మన రాష్ట్రం చూసింది. ఆ ఏడాదే ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. అప్పు సులభంగా దొరకడమే సహాయం కాదు.

మరి విచారణ చేయవలసినదేమిటి? చిన్నవారు స్వయంగా చేయగల పనిని పెద్దవారు లాక్కోరాదని 11వ భక్తినాథ పోపుగారు 1931లో బోధించారు. కనుక గురువుగారు గాని, సిస్టర్లు గాని సంఘం డబ్బును తమ చేతిలో పెట్టుకోరాదు. కూర్చోవడానికి చోటు ఇవ్వవచ్చు. పదవ తరగతి చదివిన మన అమ్మాయి చేత లెక్కలు వ్రాయడం నేర్పించవచ్చు. మొదటిసారి బ్యాంకు మెట్లెక్కే అక్కకు తోడుగా వెళ్ళవచ్చు. సంఘంలో చేరేవారిని మతమేమిటని అడగనవసరం లేదు. అప్పు బాధ అందరికీ ఒక్కటే.

ఈ వారం ఇంట్లో కలిసి ఆలోచించండి:

1. మన ఇంటి అప్పులపై ఏడాదికి ఎంత వడ్డీ కడుతున్నాం? కాగితంపై వ్రాయండి.

2. మన వీధిలో ఏ సంఘంలోనూ లేని ఒంటరి స్త్రీ ఎవరు? ఎందుకు చేరలేకపోయింది?

3. మన ఇంటి నుండి ఆమె దగ్గరకు ఈ ఆదివారం ఎవరు వెళతారు?

మూడవ ప్రశ్నకు ఒక పేరు దొరికితే, ఈ పాఠం అందినట్లే.