చదువు ముగిసింది, ఇక మా అబ్బాయికి దారేది?

ప్రశ్న: మా అబ్బాయికి 24 ఏళ్లు. మేధో వైకల్యం ఉంది. ప్రత్యేక పాఠశాల చదువు అయిపోయాక ఇంట్లోనే ఉంటున్నాడు. ఎక్కడ డప్పు వినిపించినా వేళ్లతో తాళం వేస్తాడు. వాడికి దారేమిటండీ?
- ఒక తల్లి, బొబ్బిలి

జవాబు: అమ్మా, ఆ తాళం దగ్గరే మొదలుపెట్టండి. విజయనగరంలో 1919లో మహారాజా సంగీత పాఠశాల పుట్టిందే చాగంటి జోగారావు గారనే ఒకరి అంధ కుమారుడి సంగీతాసక్తి వల్ల అంటారు. ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి తొలి అధ్యక్షులు. చూపు మందగించిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారు 1936లో ఆ బాధ్యత చేపట్టారు. ఘంటసాల, సుశీల అక్కడే చదివారు. ఒకరికి చోటిస్తే ఊరంతా బాగుపడుతుందనడానికి మన జిల్లాయే సాక్ష్యం.

మీ దగ్గర్లోని భజన బృందాన్నో, తప్పెటగుళ్ల గురువునో అడగండి. వారానికి రెండు రోజులు, అరగంట చాలు. మాటలతో చెప్పేకన్నా చేసి చూపించమనండి. ఒకే దరువును పదేపదే వాయించనివ్వమనండి. మొదట్లో మీరు పక్కన కూర్చోండి, కుదురుకున్నాక మెల్లగా తప్పుకోండి. బృందంలోని వారే అతనికి స్నేహితులవ్వాలి.

ఇక కాగితాల పని. యూడీఐడీ (వైకల్య గుర్తింపు) కార్డు లేకపోతే వెంటనే తీసుకోండి. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమాకు దరఖాస్తు చేయండి, ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చులు వస్తాయి. 18 ఏళ్లు దాటాక తల్లిదండ్రులకు చట్టబద్ధ సంరక్షకత్వం దానంతటదే కొనసాగదు. అవసరమైతే కలెక్టరు నేతృత్వంలోని స్థానిక స్థాయి కమిటీని ఆశ్రయించండి.

మీలాంటి తల్లిదండ్రులు నలుగురు కలిసి నెలకోసారి కూర్చోండి. ఏ నిర్ణయమైనా ముందు అబ్బాయి ఇష్టం అడగండి. అతను ఇప్పుడు పెద్దవాడు.