అగ్గిపెట్టె బొమ్మకు ఊరూ పేరూ

నాన్నా,

ఆపకు. అగ్గిపెట్టెల బొమ్మలు కూడబెట్టడం కూడా హాబీయే. స్టాంపులో నాణేలో దాస్తే మెచ్చుకునేవాళ్ళు వీటిని చూసి నవ్వుతున్నారని రాశావు. అందులో మీ క్లాసు పిల్లల తప్పేమీ లేదు. ఖరీదైన వస్తువును ఎందుకు దాచారని ఎవరూ అడగరు. పారేసే వస్తువును దాచినవాడు మాత్రం కారణం చెప్పుకోవాలి. ఆ కారణం నీకు తెలిస్తే చాలు, వాళ్ళ నవ్వు నిన్నేమీ చెయ్యదు.

1963లో స్కాట్లండ్‌లోని ఇన్వర్నెస్ రైల్వేస్టేషన్లో రాబర్ట్ ఓపీ అనే పదహారేళ్ళ కుర్రాడు మంచీస్ అనే చాక్లెట్ పొట్లం కొనుక్కున్నాడు. తినేశాక ఖాళీ పొట్లాన్ని పారెయ్యబోయి ఆగిపోయాడు. ఇలాంటివి అందరూ పారేస్తూ పోతే, మనుషులు రోజూ ఏం కొన్నారో ఏం తిన్నారో రాబోయే తరాలకు ఎలా తెలుస్తుందన్నది ఆ కుర్రాడికి వచ్చిన ఆలోచన. అప్పట్నుంచి పొట్లాలు, డబ్బాలు, సీసాలు, ప్రకటనలు దాచుకుంటూ వచ్చి 1984లో గ్లోస్టర్ పట్టణంలో మ్యూజియమే తెరిచాడు. ఆ సేకరణ ఇప్పుడు లండన్లో ఉంది. ఆ అలవాటు ఇంట్లోంచే వచ్చిందనుకోవచ్చు. ఓపీ తల్లిదండ్రులు అయోనా, పీటర్ బడిపిల్లలు ఆటల్లో పాడుకునే పాటలూ పొడుపుకథలూ సేకరించి 1959లో పుస్తకంగా వేసినవాళ్ళు. మనకూ అలాంటివారున్నారు. జనం నోట తిరుగుతున్న విడిపద్యాలను వేటూరి ప్రభాకరశాస్త్రిగారు ఏరి 'చాటుపద్యమణిమంజరి'గా కూర్చకపోతే వాటిలో ఎన్ని మిగిలేవో!

విమానాల్లో వాంతి వస్తే వాడుకోమని ఇచ్చే కాగితం సంచుల్ని నెదర్లాండ్స్‌కు చెందిన నీక్ వెర్మ్యులెన్ 6 వేలకు పైగా దాచి గిన్నిస్ రికార్డు కొట్టాడు. నీ దారిలోనే నడిచిన జపాన్ పెద్దాయన తేయిచి యోషిజావా 7 లక్షలకు పైగా అగ్గిపెట్టె లేబుళ్ళు కూడబెట్టాడు. బ్రిటన్లో లేబుళ్ళ సేకర్తలకు 1945 నుంచీ ఒక సంఘమే ఉంది. ఇందులో వాళ్ళందరికీ దొరికే సంతోషమేమిటి? వెతకడం, దొరికినదాన్ని వరసలో పెట్టడం, రెండు ఒకేలా కనిపించేవాటి మధ్య తేడా పట్టుకోవడం. ఈ మూడోది నీకు ఇప్పటికే అబ్బింది. రెండు పులుల బొమ్మల్లో ఒకదాని తోక ఎడమకు తిరిగిందని రాశావు చూడు, అది చదివి చాలా ముచ్చటేసింది. పేరున్న బ్రాండు బొమ్మనే కాస్త మార్చి చిన్న కంపెనీలు అచ్చు వేసుకోవడం ఈ వ్యాపారంలో పాత సంగతి. తోక తిరిగిన వైపును బట్టి ఇద్దరు తయారీదారుల్ని వేరు చెయ్యొచ్చు.

పైగా నువ్వున్న చోటు అలాంటిలాంటిది కాదు. కర్ణాటక అంచున ఉన్న మీ అత్తిబెలె మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి ఉత్తరాన హైదరాబాదు, కర్నూలు, అనంతపురాల నుంచి వస్తుంది. తమిళనాడు సరిహద్దు దాటి హోసూరు, సేలం, మదురై మీదుగా విరుదునగర్, సాత్తూరు, కోవిల్‌పట్టి వైపు సాగిపోతుంది. అగ్గిపెట్టెల సీమ అదే! నీ పెట్టెల అంచున చిన్న అక్షరాల్లో అచ్చయిన ఊళ్ళ పేర్లు చదువు, వాటిలో చాలా ఊళ్ళు ఈ దారిమీదో, దానికి కాస్త పక్కనో ఉంటాయి.

ఆ సీమకు అగ్గిపెట్టె ఎలా చేరిందో విను. 1922లో శివకాశి నుంచి అయ్య నాడారు, షణ్ముగ నాడారు కలకత్తా వెళ్ళి పని నేర్చుకున్నారు. 1923లో సొంతూళ్ళో తయారీ మొదలుపెట్టారు. వాన తక్కువ, గాలి పొడి, కాబట్టి పుల్లలు తేలిగ్గా ఆరేవి. సేద్యం సరిగ్గా సాగని చోట చేతిపనికి మనుషులూ దొరికారు. సరిగ్గా ఆ ఏడాదే స్వీడన్ పెట్టుబడితో వెస్టర్న్ ఇండియా మ్యాచ్ కంపెనీ పుట్టింది. అటు యంత్రాలు, ఇటు చేతులు. అంతకుముందు స్వీడన్, జపాన్ల నుంచి దిగుమతైన పెట్టెల మీద కూడా మన దేవుళ్ళ బొమ్మలుండేవి, కొనేవాళ్ళు మనవాళ్ళు కదా! శివకాశి పెట్టెలకు లేబుళ్ళు కావలసివచ్చి అక్కడ అచ్చు యంత్రాలు పెరిగాయి. తర్వాత ఆ ఊరే క్యాలెండర్లకూ డైరీలకూ దేశమంతటా పేరు తెచ్చుకుంది.

ఇక నీకు పడాల్సిన చీవాట్లు. మొన్న పంపిన ఫోటోలో కట్టలు కట్టలుగా ఉన్న లేబుళ్ళు ఆన్‌లైన్లో కొన్నవేనా? అవి ఏ ఊరివి, ఏ అంగడివి అనడిగితే తెలియదన్నావు. అలాంటివి నూరు పోగేసినా, టీ అంగడాయన నీ చేతికిచ్చిన ఒక్క ఖాళీ పెట్టెకు సరితూగవు.

ఈ విషయంలో ఈ పెద్దమ్మ పట్టుదల నీకు తెలుసు. ఎక్కడ దొరికిందో రాసిపెట్టని వస్తువు సగం పోయినట్టే. 1799లో టిప్పు సుల్తాను యుద్ధంలో చనిపోయాక ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ మైసూరు సీమ సర్వేకు దిగాడు. మీ అత్తిబెలె కూడా ఆ సీమలోదే. ఆయన వెంట పనిచేసింది మన ఏలూరి కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. కరణాల దగ్గరా, గుళ్ళల్లో శాసనాల దగ్గరా కూర్చుని సంగతులు రాబట్టారు. బొర్రయ్య 1803లో చిన్నవయసులోనే పోయాడు, తమ్ముళ్ళు పని ఆపలేదు. అలా పోగైన ఊళ్ళ వృత్తాంతాలు, అంటే కైఫియత్తులు, ఇవాళ్టికీ చరిత్రకారులకు పనికొస్తున్నాయంటే, ప్రతి కైఫియత్తూ ఫలానా ఊరిదని రాసి ఉండడమే కారణం. జగిత్యాల జిల్లా కోటిలింగాల సంగతీ అంతే. శాతవాహన సిముకుడి నాణేలు అక్కడ దొరికాయని తెలియబట్టే ఆ వంశం తొలినాళ్ళ చర్చలోకి గోదావరి ఒడ్డు వచ్చింది. అవే నాణేలు ఊరు తెలియకుండా ఏ పాతసామాన్ల అంగడిలోనో తేలి ఉంటే, వాటిని బట్టి ఆ మాట అనగలిగేవారా?

కాబట్టి ప్రతి లేబుల్‌కూ చిన్న చీటీ పెట్టు. సిరా వద్దు, తడి తగిలితే పాకుతుంది. పెన్సిల్‌తో రాయి: అంగడి, ఊరు, తేదీ, ఎవరిచ్చారు, ధర, లోపల పుల్లలెన్ని, డబ్బా చెక్కపొరదా అట్టదా. చెక్కపొర పెట్టెకు లేబుల్ విడిగా అంటిస్తారు, నానబెట్టి ఊడదీయొచ్చు. అట్టపెట్టె మీద బొమ్మ అట్టమీదే అచ్చయి ఉంటుంది, దాన్ని విప్పి పరచాలే తప్ప నీళ్ళలో వెయ్యకూడదు. లేబుల్ మీద ఏడాది కనిపించకపోయినా ధర చూస్తే కాలం తెలుస్తుంది. అర్ధరూపాయి పెట్టె 2007లో రూపాయైంది. పద్నాలుగేళ్ళు అక్కడే ఆగి, 2021 డిసెంబరు 1న రెండు రూపాయలైంది. అప్పుడే పుల్లలు 36 నుంచి 50కి పెంచారు.

ఇంట్లో అగ్గిపెట్టెలు పోగవుతున్నాయన్న మీ అమ్మ భయం కూడా తీసిపారేసేది కాదు. 2023 అక్టోబరు 7న మీ ఊళ్ళోనే బాణసంచా గోదాము అంటుకుని 14 మందికి పైగా ప్రాణాలు పోయాయి. వాళ్ళలో పండగ సీజన్లో నాలుగు డబ్బులకోసం తమిళనాడు నుంచి వచ్చిన కుర్రాళ్ళున్నారు. అందుకని నీ పెట్టెలో ఒక్క పుల్ల కూడా ఉండకూడదు. పుల్లలు లెక్కపెట్టి, అమ్మకిచ్చి, ఖాళీ పెట్టె మాత్రం తీసుకో. టపాకాయల పొట్లాల మీద బొమ్మలు బాగుంటాయని వాటి జోలికి పోకు.

ఇంకొకటి కూడా నీకు తెలియాలి. శివకాశి పెట్టెల్లో పుల్లలు సర్దిన చేతుల్లో చాలాకాలం నీ వయసు పిల్లల చేతులూ ఉన్నాయి. న్యాయవాది ఎం.సి.మెహతా వేసిన కేసులో 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు, పిల్లల్ని పనిలో పెట్టుకున్న యజమాని ఒక్కో బిడ్డకూ 20 వేల రూపాయలు సంక్షేమనిధికి కట్టాలని తీర్పిచ్చింది. అంతకుముందు కాలపు లేబుల్ దొరికితే బొమ్మ బాగుందని రాసి వదలకు, ఆ సంగతీ నీ నోట్సులో రాయి.

ఈ సెలవుల్లో చెయ్యాల్సింది ఒక్కటే. కొత్తవి కొనడం మాని, ఉన్నవాటికి చీటీలు రాయి. ఊరు తెలియనివి వేరే కవర్లో పెట్టు, పారెయ్యొద్దు. తర్వాత హోసూరులో మీ మామయ్య వాళ్ళింటి దగ్గరి పాత కిరాణా అంగళ్ళలో, పైఅరల మీద రూపాయి ధర ఉన్న ఖాళీ పెట్టెలేమైనా మిగిలాయేమో అడుగు. అడిగేటప్పుడు తమిళంలో అడుగు, నీకు వచ్చుగా. దొరికితే ముందువైపూ వెనకవైపూ ఫోటో తీసి, చీటీతో సహా పంపు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ