ఇంట్లో సైన్స్: ఇసుక ఎంత ఎత్తు ఎగురుతుంది?



కొండకర్ల ఆవలో పక్షులను చూశాక, అదే అచ్యుతాపురం మండలంలోని పూడిమడక తీరానికి వెళ్తుంటారా? ఈసారి గాలి గట్టిగా ఉంటే మీ పిల్లలను ఒక ప్రశ్న అడగండి: "ఎగిరే ఇసుక కాళ్లకు చురుక్కుమని తగులుతుంది. ముఖానికి అంతగా తగలదేం?" జవాబు మీరు చెప్పకండి, వాళ్లనే కొలవనివ్వండి.

కావలసినవి: మీటరుకు మించిన పొడవున్న చెక్కపట్టీ, రెండువైపులా అంటుకునే టేపు, స్కేలు, భూతద్దం.

చేసే విధానం: అలలకు దూరంగా, పొడి ఇసుకలో పట్టీని నిలువుగా పాతండి. నేల నుంచి 5, 15, 25, 35, 45 సెంటీమీటర్ల ఎత్తుల్లో, గాలికి ఎదురుగా, ఒకే కొలత టేపు ముక్కలు అంటించండి. పై కాగితాలన్నీ ఒకేసారి తీసి ఒక నిమిషం ఆగండి. తర్వాత ఒక్కో ముక్కకు అంటిన రేణువులను లెక్కపెట్టి గ్రాఫు గీయించండి. టేపు పూర్తిగా నిండిపోతే, కొత్త ముక్కలతో తక్కువ సమయం ఉంచండి.

ఎందుకలా? ఇసుక రేణువు బరువైనది. గాలి దాన్ని లేపినా ఎక్కువసేపు మోయలేదు. అది గెంతి కిందపడి, పడ్డచోట మరికొన్ని రేణువులను ఎగరగొడుతుంది. దీన్నే సాల్టేషన్ అంటారు. అందుకే ఇసుకలో ఎక్కువ భాగం మోకాలి కిందే ప్రయాణిస్తుంది. సన్నని దుమ్ము మాత్రం చాలా పైకి పోతుంది. బ్రిటిష్ ఇంజినీరు రాల్ఫ్ బాగ్నాల్డ్ ఎడారిలోనూ, విండ్ టన్నెల్‌లోనూ దీన్ని పరిశీలించి 1941లో పుస్తకం ప్రచురించారు.

పదో తరగతి పిల్లలకు: ఒకవేళ కింది నుంచి వరుసగా 80, 40, 20 రేణువులు వస్తే, ప్రతి 10 సెంటీమీటర్లకూ సగమవుతున్నట్టే. అది గుణశ్రేఢి!

ఉపయోగం: తీరంలో ఇసుకను ఆపడానికి ఆకాశమంత గోడ అక్కర్లేదు. తక్కువ ఎత్తు తాటాకు దడి కూడా చాలా ఇసుకను పట్టేస్తుంది. అది పూడిపోయాక మళ్లీ ఎత్తు పెంచాలి.

ఒక్క మాట: గ్రాఫు పుస్తకంలో ఉన్నంత నున్నగా రాదు. అంకెలు దిద్దించకండి. ఎందుకు తేడా వచ్చిందో పిల్లలనే ఆలోచించనివ్వండి. నీటిలోకి మాత్రం దిగనివ్వకండి.